రెండు పేర్ల ఎంజైము: గ్లూకోజు ఐసొమరేజు శోధన చరిత్ర

చెరకు గానుగల వద్ద బెల్లము వండువారికి తరతరముల అనుభవమువలన తెలిసిన విషయ మొకటి కలదు. ఆడిన రసమును వెంటనే పెనమున పోసి కాచినచో బెల్లము గట్టిపడి దిమ్మకు దిగును. అదే రసమును ఒక రాత్రి నిలువయుంచి మరునాడు కాచినచో, ఎంత మరిగించినను పాకము కుదురదు. అచ్చులో పోసిన బెల్లము మెత్తబడి జిగురుగ నుండిపోవును. పులిసిన రసములోని చక్కెర విడివడి గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండు చిన్న చక్కెరలుగ మారుటయే దీనికి కారణము. ఈ రెండింటి మిశ్రమము తీపియే గాని స్ఫటికము కట్టుటకు సుముఖము కాదు. బెల్లపు వర్తకుడు వెలితగ్గించి కొను ఈ మిశ్రమమునే ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున మొక్కజొన్న పిండినుండి లక్షల టన్నుల లెక్కన తయారుచేసి, చెరకునకు పోటీగ నిలిపిరి. అందులకు సాధనమైనది కంటికి కనబడని జీవులలోని ఒక ఎంజైము. దానిని లోకము గ్లూకోజు ఐసొమరేజు అని పిలుచుచున్నది. అది దాని అసలు పేరు కాదు. అసలు పేరు తేలుటకు శాస్త్రజ్ఞులకు రెండు దశాబ్దములకు పైగ పట్టినది.

గ్లూకోజునందును ఫ్రక్టోజునందును పరమాణువుల లెక్క ఒక్కటియే: కార్బనులు 6, హైడ్రోజనులు 12, ఆక్సిజనులు 6. గ్లూకోజులో ఒక ఆక్సిజను మొదటి కార్బనుతో జంటబంధమున నుండగా, ఫ్రక్టోజులో రెండవ కార్బనుతో నుండును. భేద మింతియే. నాలుకకు మాత్రము ఈ భేదము చిన్నది కాదు. వాడుకలోని పంచదార తీపిని 100గా లెక్కించినచో గ్లూకోజు తీపి సుమారు 70 మాత్రమే. ఫ్రక్టోజు పంచదారను మించినది.

పిండిని ఆమ్లముతో ఉడికించి తియ్యని పానకము తీయవచ్చునని 1811లో సెయింట్ పీటర్స్‌బర్గునందు కిర్ఖాఫ్ చూపెను. ఆ పానకమున ఉన్నది గ్లూకోజు. దానిని ఫ్రక్టోజుగ మార్చగలిగినచో చెరకు పండని దేశమునకు సైతము చక్కెర దొరకినట్లే. మార్గము లేకపోలేదు. క్షారద్రావణములో గ్లూకోజు కొంత ఫ్రక్టోజుగను, కొంత మానోజుగను మారునని 1895లో హాలెండు రసాయనజ్ఞులు లోబ్రీ ద బ్రూయిన్, ఆల్బెర్డా వాన్ ఎకెన్‌స్టైన్ ప్రకటించిరి. కాని క్షారము తీపిని హెచ్చించుటతో నిలువదు. చక్కెరను చీల్చి నల్లబరచి చేదెక్కించును. చెరకురసములో సున్నము మోతాదు మించినచో బెల్లము నల్లబడుట చూచినవారికి ఈ చిక్కు సులభముగ బోధపడును. మొదటి కార్బనునుండి రెండవదానికి ఆక్సిజను బంధమును జరిపి, మరి దేనిని ముట్టని సాధనము కావలసియుండెను. అట్టి నేర్పు ఎంజైములకే కలదు.

ఆ ఎంజైము తొలుత కనబడినది గ్లూకోజును వెదకుచున్నవారికి గాక, జైలోజును వెదకుచున్నవారికి. జైలోజు కర్రలో, ఊకలో, మొక్కజొన్న కండెలో దాగియుండు అయిదు కార్బనుల చక్కెర, దారుశర్కర యనదగినది. కుళ్లుచున్న ఆకు, తవుడు, గడ్డి మీద బ్రతుకు సూక్ష్మజీవులకు ఇది ఆహారము. దానిని జీర్ణించుకొనుటకు అవి మొట్టమొదట చేయు పని జైలోజును జైలులోజుగ మార్చుట. అనగా మొదటి కార్బను వద్దనున్న బంధమును రెండవదానికి జరుపుట. ఈ మార్పు చేయు ఎంజైమును 1953లో లాక్టోబాసిలస్ పెంటోసస్ అను సూక్ష్మజీవియందు మిట్సుహాషి, లాంపెనులు, సూడోమొనాస్ హైడ్రోఫిలాయందు హోక్‌స్టర్, వాట్సనులు గుర్తించిరి. దానికి జైలోజు ఐసొమరేజు అని పేరు వచ్చెను. ఆనాడు దీనిని జీవరసాయన శాస్త్రములోని ఒక మూల విషయముగ తలచిరేగాని, వ్యాపారమున కక్కరకు వచ్చునని ఎవరును తలపలేదు.

1957లో మార్షల్, కూయి అను ఇద్దరు అమెరికనులు ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న వ్యాసము ప్రకటించిరి. వారు మొక్కజొన్న పిండి పరిశ్రమకు చెందిన ప్రయోగశాలలోని వారు. జైలోజు మీద పెంచిన సూడోమొనాస్ హైడ్రోఫిలా కణముల సారము గ్లూకోజును నేరుగ ఫ్రక్టోజుగ మార్చుచున్నదని వారు తెలిపిరి. అయితే ఆ సారమునకు గ్లూకోజుపై గల ఆకర్షణ, జైలోజుపై గలదానికంటె 160 రెట్లు తక్కువ. అనగా గ్లూకోజు దానికి ఇష్టాహారము కాదు. ముందు పుష్కలముగ పోసినప్పుడు మాత్రమే పట్టుకొనును. వేరొక చిక్కు ఇంతకంటె తీవ్రమైనది. ఈ మార్పు బాగుగ జరుగుటకు ద్రావణములో ఆర్సెనేటు ఉండవలసివచ్చెను. ఆర్సెనేటు పాషాణపు సంతతి. పిల్లలు త్రాగు పానకములో దానిని కలుపుట ఎట్లు?

ఇక్కడనే అసలు ప్రశ్న తలయెత్తినది. గ్లూకోజును మార్చుచున్నది జైలోజు ఐసొమరేజేనా, లేక ఆ సారములో దాగియున్న మరొక ఎంజైమా? రెండును ఒక్కటియైనచో ఆర్సెనేటు అక్కరలేని జైలోజు ఐసొమరేజును మరొక సూక్ష్మజీవిలో వెదకవచ్చును. వేరైనచో మొదటికి రావలెను. కణసారము ఒక సంత వంటిది. అందు వేలకొలది మాంసకృత్తులు కలసి మెలసి యుండును. సంతలో కేక వినబడినంతమాత్రాన కేక వేసినవాడెవడో తెలియదు. ఒక్కొక్కరినే బయటికి పంపి చూడవలెను. ఎంజైమును శుద్ధిచేయుట యనగా ఇదియే.

ఆ పని క్రమము తెలిసికొనదగినది. సూక్ష్మజీవులను జైలోజు కలిపిన ద్రవమున పెంచుదురు. జైలోజు కనబడనిదే చాల జీవులు ఈ ఎంజైమును తగినంత తయారుచేయవు. పెరిగిన కణములను వడిగ తిరుగు యంత్రములో అడుగునకు చేర్చి, ఆ ముద్దను చల్లని ద్రావణమున కడిగి, శబ్దతరంగములతోనో, లైసోజైముతోనో, లేక సన్నని పొడితో నూరియో కణముల గోడలను పగులగొట్టుదురు. పెంకులను తీసివేయగా మిగిలినది కణసారము. దానికి అమ్మోనియం సల్ఫేటును కొంచెము కొంచెముగ చేర్చుచు పోయినచో, ఒక్కొక్క మాంసకృత్తు ఒక్కొక్క గాఢత వద్ద నీటిని విడిచి తెల్లని మడ్డిగ దిగును. కావలసిన మడ్డిని మాత్రము తీసికొని, మరల కరగించి, పలుచని పొరసంచిలో పోసి నీటిలో వ్రేలాడదీసినచో ఉప్పు బయటికి పోవును.

ఈ ఎంజైము విషయమున శోధకులకు ప్రకృతి ఒక సదుపాయము చేసినది. అనేక జీవులలో ఇది వేడికి ఓర్చునది. మెగ్నీషియము గాని కోబాల్టు గాని కలిపి, అరువది డెబ్బది డిగ్రీలలో కొంతసేపు ఉంచినచో, తక్కిన మాంసకృత్తులలో పెక్కు గ్రుడ్డులోని తెల్లసొన ఉడికినట్లు గడ్డకట్టి పోవును. ఇది మాత్రము కరగియే యుండును. సంతలో సగము నిప్పు చూచి పారిపోయినట్లు.

ఇంకను మిగిలినవారిని వేరుచేయుటకు అప్పుడే రెండు క్రొత్త సాధనములు చేతికి వచ్చినవి. విద్యుదావేశమునుబట్టి మాంసకృత్తులను పట్టి విడుచు డి.ఇ.ఎ.ఇ. సెల్యులోజును 1956లో పీటర్సన్, సోబరులు ప్రకటించిరి. పరిమాణమునుబట్టి వేరుచేయు సెఫడెక్స్ గుళికలు 1959లో స్వీడనునుండి వచ్చినవి. గాజుగొట్టములో ఈ పదార్థమును నింపి, పైనుండి సారమును పోసి, క్రింద చుక్క చుక్కగ దిగుదానిని వరుస గొట్టములలో పట్టుదురు. ఏ గొట్టములో ఎంజైము ఉన్నదో తెలియుటెట్లు? కొద్ది గ్లూకోజు చేర్చి వెచ్చగ నుంచి, పిదప గంధకామ్లము, సిస్టీను, కార్బజోలు కలుపుదురు. ఫ్రక్టోజు పుట్టినచోట ఊదారంగు దేరును. గ్లూకోజు ఒంటరిగ నున్నచోట రంగు లేనట్లే. 1951లో డిషే, బోరెన్‌ఫ్రాయిండు ఏర్పరచిన ఈ రంగుపరీక్ష లేనిచో ఈ చరిత్ర ఇంత వేగముగ నడచియుండదు.

ప్రతి మెట్టు వద్దను రెండు లెక్కలు వ్రాయవలెను: ఎంజైము ఎంత పనిచేయుచున్నది, ఆ ద్రావణములో మాంసకృత్తు మొత్తము ఎంత. మొదటిదానిని రెండవదానిచే భాగించినచో విశిష్ట క్రియాశీలత వచ్చును. ఉదాహరణమునకు కణసారములో 5,000 మిల్లీగ్రాముల మాంసకృత్తు, 10,000 యూనిట్ల క్రియ ఉన్నవనుకొందము, మిల్లీగ్రామునకు 2. కడపట 40 మిల్లీగ్రాములు, 4,000 యూనిట్లు మిగిలినచో మిల్లీగ్రామునకు 100. దారిలో అరువది పాళ్ల ఎంజైము నష్టమైనది. కాని శుద్ధి 50 రెట్లు హెచ్చినది. శుద్ధి పట్టికలలోని ఈ అంకెలు చూచుటకు నిస్సారముగ తోచును. ఒక్కొక్క పంక్తి వెనుక చల్లని గదిలో గడపిన దినములు కలవు. ఒక్కరాత్రి చల్లదనము తప్పినచో అంతయు మొదటికి వచ్చును.

శుద్ధి పట్టికలో ఒక పంక్తికి బదులు రెండు పంక్తులు వ్రాసినచో పై ప్రశ్నకు జవాబు దొరకును. ప్రతి మెట్టు వద్దను గ్లూకోజుపై క్రియను, జైలోజుపై క్రియను వేరువేరుగ కొలువవలెను. ఎంజైములు రెండైనచో ఏదో యొక మెట్టున అవి విడిపోవును, నిష్పత్తి చెదరును. ఒక్కటియైనచో నిష్పత్తి మొదటినుండి తుదివరకు మారదు. వేడిచేసి చంపునప్పుడు సైతము రెండు క్రియలును ఒకే వేగమున నశింపవలెను. స్ట్రెప్టోమైసిస్, లాక్టోబాసిలస్ మున్నగు జీవుల ఎంజైములను ఇట్లు పరీక్షింపగా నిష్పత్తి చెదరలేదు. జైలోజును మార్చునదియు గ్లూకోజును మార్చునదియు ఒక్కటే.

కథ అంతటితో ముగియలేదు. ఎషెరీషియా ఇంటర్మీడియా అను సూక్ష్మజీవియందు గ్లూకోజును మార్చు ఎంజైమును నటాకే, యోషిమూరా శోధించిరి. అది ఆర్సెనేటు లేనిదే కదలదు. విచారింపగా అది సకల జీవులలోను గ్లూకోజు ఫాస్ఫేటును ఫ్రక్టోజు ఫాస్ఫేటుగ మార్చు సామాన్యమైన ఎంజైమేనని తేలెను. ఆర్సెనేటు ఫాస్ఫేటునకు రూపమున సన్నిహితము. అది గ్లూకోజునకు తాత్కాలికముగ తగుల్కొనగా, ఎంజైము ఫాస్ఫేటే తగులుకొనినదని భ్రమించి పని కానిచ్చును. మారువేషమునకు ద్వారపాలకుడు దారి విడిచినట్లన్నమాట. పాషాణము ఎందుకు కావలసివచ్చెనో ఇట్లు బోధపడినది. పాషాణము అక్కరలేనిది జైలోజు ఐసొమరేజు మాత్రమే. ఆహారమునకు పనికివచ్చునది అదియే.

ఆ దారిని రాజమార్గము చేసినవారు జపాను శాస్త్రజ్ఞులు. చక్కెరను అధికముగ దిగుమతి చేసికొను ఆ దేశమునకు పిండినుండి తీపిని తీయుట అక్కరకు వచ్చు విద్య. స్ట్రెప్టోమైసిస్ జీవులలో ఆర్సెనేటు అక్కరలేని, వేడికి ఓర్చు ఎంజైము కలదని 1960ల తొలి సగమున ట్సుమురా, సాటోలు చూపిరి. అయితే ఆ జీవులను పెంచుటకు శుద్ధమైన జైలోజు కావలెను. దాని ఖరీదు తయారగు చక్కెర ఖరీదును మ్రింగివేయును. చిబా నగరములోని కిణ్వన పరిశోధనాలయమున టకసాకి కనుగొనిన స్ట్రెప్టోమైసిస్ ఈ అడ్డును తొలగించెను. అది గోధుమతవుడును, మొక్కజొన్న కండెలను తానే జీర్ణించుకొని, అందలి జైలానునుండి తనకు కావలసిన జైలోజును తానే తీసికొనును. పారవేయదగిన తవుడు ఎంజైమునకు మేత యయ్యెను. ఈ ఒక్క సంగతి లేనిచో తక్కినదంతయు ప్రయోగశాల పుస్తకములలోనే నిలిచియుండెడిదని చెప్పుట అతిశయోక్తి కాదు. 1969లో టకసాకి, కొసుగి, కన్‌బయాషి ముగ్గురును ఆ ఎంజైమును శుద్ధిచేసి స్ఫటికరూపమున తీసిరి. 1926లో సమ్నరు యూరియేజును స్ఫటికముగ తీసి, ఎంజైములు మాంసకృత్తులేనని చాటినది మొదలు, స్ఫటికము శుద్ధికి ఒక సాక్ష్యముగ చెల్లుచుండెను.

శుద్ధమైన పిదపనే గుణనిరూపణమునకు విలువ. ఎంజైము గుణములు జీవినిబట్టి కొంత మారును గాని ముఖ్యముగ తేలినవి ఇవి. దానికి మెగ్నీషియము, మాంగనీసు, కోబాల్టు వంటి లోహముల తోడు కావలెను. కాల్షియము దానికి శత్రువు. పిండిని పలుచన చేయు అమిలేజు అను ఎంజైమునకో కాల్షియము మిత్రము. కావున కర్మాగారమున మొదటి మెట్టులో వాడిన కాల్షియమును రెండవ మెట్టునకు ముందు తీసివేయక తప్పదు. జైలిటాలు, సార్బిటాలు అను మద్యశర్కరలు దాని నోటిని మూయును. అది ఆమ్లమును సహింపదు. తటస్థమునకు కొంచెము పైనున్న క్షారస్థితి దానికి హితము. అరువది డిగ్రీల వేడిలో గ్లూకోజు, ఫ్రక్టోజులు రమారమి సగము సగమైన చోట సమతాస్థితి కుదురును. ఆ తుది కొసకు చేరుటకు కాలము చాల పట్టును గనుక కర్మాగారములు 42 పాళ్ల ఫ్రక్టోజు వద్దనే ఆపివేయును. స్ట్రెప్టోమైసిస్ రుబిగినోసస్ ఎంజైము నాలుగు సమానభాగముల కూడిక. ఒక్కొక్క భాగములో 388 అమినో ఆమ్లములు కలవు. భాగము అణుభారము సుమారు 43,000.

జపాను విధానమును అమెరికాలోని క్లింటన్ కార్న్ ప్రాసెసింగ్ కంపెనీ స్వీకరించి, 1967లో మొక్కజొన్న ఫ్రక్టోజు పానకమును విపణికి తెచ్చెను. మొదట అందు ఫ్రక్టోజు 15 పాళ్ల ప్రాంతము. మరుసటి యేట 42 పాళ్లకు పెరిగెను. ఎంజైమును పానకములో కలిపి పారబోయక, కణములను వేడిచేసి అందే బిగించియో, సెల్యులోజునకు అంటించియో స్తంభములలో నింపి, దానిమీదుగ పానకమును పారించు పద్ధతి వచ్చెను. అట్లు బిగించిన ఎంజైము నెలల తరబడి పనిచేయును. 1960లో క్యూబా చక్కెరకు అమెరికా తలుపులు మూసినది. 1974 చివర ప్రపంచమున చక్కెర ధర కనివిని యెరుగని యెత్తునకు పోయినది. ఆ తరుణమున ఈ పానకము పెరిగిన తీరు వేరుగ చెప్పనక్కరలేదు. 1980లో కోకా-కోలా కంపెనీ అమెరికాలోని తన పానీయమున సగము తీపికి దీనిని అంగీకరించి, 1984లో సంపూర్ణముగ అంగీకరించెను. అందువలన అమెరికాకు దిగుమతియగు చెరకు చక్కెర తగ్గినది. 1980లలో ఫిలిప్పీన్సులోని నీగ్రోస్ దీవి చెరకు కూలీలు ఆకలికి గురియైన కారణములలో ధరల పతనముతోపాటు దీనికిని పాలు కలదు. భారతదేశమున చెరకు చక్కెరకు ఈ పానకము పెద్ద పోటీ కాలేదు. ఇచటి చెరకు రైతుకు కష్టములు వేరుదిక్కున వచ్చినవి.

ఎంజైము తన పనిని ఎట్లు చేయునను ప్రశ్న మాత్రము చాలకాలము వాదగ్రస్తముగ నుండెను. హైడ్రోజను ద్రావణములోనికి పోయి వచ్చునట్లు, ఇతర ఐసొమరేజులవలెనే ఇదియు ప్రవర్తించునని 1960లలో ఇర్విన్ రోజు మున్నగువారు తలచిరి. 1984లో కారెల్, గ్లస్కర్ ప్రభృతులు ఎక్స్-కిరణములతో ఈ ఎంజైము ఆకృతిని చూపిరి. పిమ్మట రెండు లోహపు అయానులు చక్కెరను పట్టియుంచగా, హైడ్రోజను ఒక కార్బనునుండి ప్రక్క కార్బనునకు నేరుగ దుముకునని 1990 నాటికి కాలియర్, హెన్రిక్, బ్లో వంటివారు వాదించిరి. 2010లో న్యూట్రాను కిరణములతో హైడ్రోజనుల స్థానములను సైతము వెదకిన పరిశోధన వెలువడినది. ఇన్నియు శుద్ధమైన స్ఫటికము చేతనున్నందుననే సాధ్యమైనవి.

పేరు సంగతి ఇంకను మిగిలియున్నది. ఎంజైములకు అంతర్జాతీయముగ సంఖ్యలిచ్చు పట్టికలో 1961లోనే జైలోజు ఐసొమరేజునకు 5.3.1.5 అను సంఖ్య దొరకెను. గ్లూకోజు ఐసొమరేజు వేరొక ఎంజైమని తలచి 1972లో దానికి 5.3.1.18 అను వేరు స్థానము నిచ్చిరి. ఆరేండ్లకు, 1978లో, ఆ స్థానమును కొట్టివేసిరి. ఆ మార్పు చేయునది జైలోజు ఐసొమరేజు, లేదా ఆర్సెనేటు సమక్షమున ఫాస్ఫేటు ఐసొమరేజు. మూడవది లేదని నిర్ణయించిరి. కొట్టివేసిన సంఖ్యను మరియొక ఎంజైమునకు ఇయ్యరు గనుక ఆ పదునెనిమిదవ గడి నేటికిని ఖాళీ. వ్యాపారమో ఈ తీర్పును పాటింపలేదు. కర్మాగారములకు పోవు సరకుమీద గ్లూకోజు ఐసొమరేజు అనియే యుండును. జైలోజు కొనువాడు లేనప్పుడు ఆ పేరుతో అమ్ముటెట్లు?

మహారాష్ట్రమున పూనా నగరములోని జాతీయ రసాయన ప్రయోగశాల 1980, 90లలో ఒక స్ట్రెప్టోమైసిస్ జీవినుండి ఈ ఎంజైమును శుద్ధిచేసి, లోహముల పాత్రను శోధించిన స్థానము. అచటి స్నేహలతా భోసలే, మాలా రావు, వాసంతీ దేశ్‌పాండేలు 1996లో ‘మైక్రోబయొలాజికల్ రివ్యూస్’ పత్రికయందు ఈ ఎంజైము పరిశోధన నంతను సమీక్షించుచు విపులమైన వ్యాసము ప్రకటించిరి. ఇది నిజమునకు జైలోజు ఐసొమరేజని వారికి తెలియనిది కాదు. అయినను వ్యాసమునకు వారు పెట్టిన శీర్షికలో ఉన్నది గ్లూకోజు ఐసొమరేజు అను పేరే.